రోజుకో ఫొటో, అంతా ఇంట్లోవాళ్లదే: రికో జీఆర్ 3 రివ్యూ

ముందే చెప్పేస్తాను, టూర్లకో ఫంక్షన్లకో పక్షుల ఫొటోలకో కెమెరా వెతుక్కుంటున్నవాళ్లకి ఈ రివ్యూ పెద్దగా పనికిరాదు. ఇంట్లో రోజూ జరిగే మామూలు సంగతులుంటాయి కదా, స్కూలుకి టైమైపోతుంటే హడావిడిగా జడ వేయించుకోవడం, మంచం మీద ఆరిన బట్టల కుప్ప, లెక్కల పుస్తకం ముందేసుకుని గోడ వైపు చూస్తూ కూర్చోవడం, పేపరు ముఖం మీద కప్పుకుని నిద్రపోవడం, ఇలాంటివి రోజుకొక్కటైనా తీసి దాచుకుందామనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. ఆ పనికి రికో జీఆర్ 3 కన్నా బాగా కుదిరిన కెమెరా నా చేతికి ఇంతవరకూ రాలేదు. ఫొటోలు చాలా బాగా వస్తాయి, నిజమే, కానీ నేనిలా అనడానికి అది అసలు కారణం కాదు. ఇది చేతిలో ఉంటే ఫొటో తీశాక కూడా నేను ఇంట్లోవాళ్ల మధ్యే ఉంటున్నాను. ఫోన్‌తో అది కుదిరేది కాదు.

ఫోన్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే జేబులో అంత మంచి కెమెరా ఉండగా ఇంకోటి దేనికని ఎవరైనా అడుగుతారు. ఫోన్ కెమెరాలు ఇప్పుడు నిజంగా బాగున్నాయి, పట్టపగలు వెలుతురులో తీసిన రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే తేడా పట్టుకోవడం కష్టం. ఇబ్బంది కెమెరాతో కాదు, దాని చుట్టూ ఉన్న మిగతా ఫోన్‌తో. చిన్నోడు సాక్సులు తిరగేసి వేసుకుంటున్నాడని ఫోన్ తీస్తాం, లాక్ తియ్యగానే ఆఫీసు గ్రూపులో మెసేజులు కనబడతాయి, ఫొటో అయితే తీసేస్తాం గానీ ఆ వెంటనే ఒక్కసారి చూసి పెట్టేద్దామని మెసేజు తెరుస్తాం, తలెత్తేసరికి వాడు బూట్లు కూడా వేసేసుకుని గుమ్మం దాటి ఉంటాడు. ఇంకో సంగతేంటంటే ఫోన్ ఎత్తగానే మనుషుల ముఖాలు మారిపోతాయి. పిల్లలు పోజు పెడతారు, అమ్మ కొంగు సర్దుకుంటుంది, మా పెద్దమ్మాయి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది, ఎందుకంటే ఆ ఫొటో కాసేపట్లో ఏదో ఒక గ్రూపులోకి వెళ్తుందని అందరికీ తెలుసు. ఈ నల్లటి చిన్న కెమెరాలోంచి ఫొటో దానంతటది ఎక్కడికీ వెళ్లదు. ఆ సంగతి వాళ్లకి అర్థమయ్యాక పోజులు మెల్లగా తగ్గిపోయాయి, ఇప్పుడు నేను కెమెరా పట్టుకుని తిరుగుతున్నా ఎవరి పనిలో వాళ్లుంటున్నారు.

జీఆర్ పేరు కొత్తదేం కాదు. 1996లో జీఆర్1 ఫిల్మ్ కెమెరాగా వచ్చింది, 2005లో జీఆర్ డిజిటల్, 2013లో పెద్ద సెన్సర్‌తో (వెలుతురుని ఫొటోగా మార్చే చిప్) జీఆర్, నేను వాడుతున్న జీఆర్ 3 వచ్చింది 2019లో. మొదటి నుంచీ పద్ధతి ఒకటే, జేబులో పట్టాలి, లెన్స్ ఒకటే ఉండాలి, జూమ్ ఉండకూడదు. జీఆర్ 3లో ఉన్నది 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్‌-సీ సెన్సర్, అంటే లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరాల్లో చాలావాటికి ఉండే సైజే. బ్యాటరీ, కార్డు కలిపి బరువు 257 గ్రాములు.

కానీ స్పెక్ షీట్ మొత్తంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన అంకె 0.8. బటన్ నొక్కిన దగ్గర్నుంచి కెమెరా ఫొటోకి సిద్ధమవడానికి పట్టే సెకన్లు అవి. లెన్స్ మీద మూత తియ్యాల్సిన పని లేదు, ఆన్ చెయ్యగానే రేకులు తెరుచుకుని లెన్స్ బయటికొస్తుంది, ఆఫ్ చేస్తే లోపలికెళ్లి అవే మూసుకుంటాయి. బటన్లు, డయళ్లు దాదాపు అన్నీ కుడిచేతి వేళ్లకి అందుతాయి కాబట్టి రెండో చేత్తో పిల్లాణ్ణి ఎత్తుకుని కూడా ఫొటో తియ్యొచ్చు, తీశాను కూడా. ఇంట్లో జరిగేవన్నీ రెండు మూడు సెకన్ల వ్యవహారాలే. తాతా మనవడూ ఒకరి కళ్లజోడు ఒకరు పెట్టుకుని నవ్వుకుంటున్నారంటే మనం బ్యాగ్ తెరిచి, మూత తీసి, మోడ్ మార్చేలోపు ఆ కళ్లజోళ్లు ఎవరివి వాళ్ల దగ్గరికి వెళ్లిపోతాయి. అందుకే మా ఇంట్లో ఇది హాల్లో టీవీ పక్కన అరలో, పౌచ్‌లో కూడా పెట్టకుండా, మణికట్టు స్ట్రాప్‌తో రెడీగా ఉంటుంది. ఎవరైనా ఈ కెమెరా కొంటే నేనిచ్చే మొదటి సలహా సెట్టింగుల గురించి కాదు, దీనికి ఇంట్లో ఒక చోటు చూడండి, నిలబడి చెయ్యి చాపితే అందేలా.

ఇక 28 ఎంఎం లెన్స్. ఈ అంకె ఎంత తగ్గితే ఫ్రేములోకి అంత ఎక్కువ చోటు వస్తుంది. ఫొటోలు తీసే అలవాటున్నవాళ్లకి ఇది కొంచెం వైడ్ అనిపిస్తుంది, మనుషుల్ని తియ్యడానికి 50 ఎంఎం, 85 ఎంఎం అంటుంటారు కాబట్టి. గదిలో నిలబడి చూస్తే ఆ లెక్క మారిపోతుంది. గదిలో మనం వెనక్కి జరగగలిగింది ఎంత? మహా అయితే గోడదాకా. 28తో గోడకి ఆనుకుంటే గదిలో ముక్కాలు భాగం ఫ్రేములోకి వచ్చేస్తుంది, మంచం, దాని మీద పుస్తకాలు, తలుపు వెనక వేలాడుతున్న స్కూలు బ్యాగులు, ఇవన్నీ మనిషితో పాటు పడతాయి. నాకు కావలసింది సరిగ్గా అదే. ఓ పదేళ్లు పోయాక ముఖం ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవడానికి ఎన్నో ఫొటోలుంటాయి, కానీ ఆ గోడకి ఏ క్యాలెండరు వేలాడేదో, పిల్లలు పెన్సిలుతో గీసిన గీతలు ఏ ఎత్తులో ఉండేవో చెప్పడానికి ఏవీ ఉండవు. వెనక అంతా మసకగా చేసి ముఖం ఒక్కటీ మెరిపించే పోర్ట్రెయిట్ మోడ్ అంటే నాకు ఇష్టం లేకపోవడానికి కారణం కూడా ఇదే, ఇల్లంతా చెరిపేసి మనిషిని మాత్రం ఉంచుతుంది. అదే ముఖమే కావాలంటే మాత్రం దగ్గరికి వెళ్లాల్సిందే, చెయ్యి చాపితే తగిలేంత దగ్గరికి. దూరం నుంచి లాగి తీసే వీలు ఇందులో లేదు. జూమ్ కావాలంటే 35, 50 అని క్రాప్ మోడ్‌లు ఇచ్చారు గానీ అవి సెన్సర్ మధ్య ముక్క కోసి ఇవ్వడమే, 35లో దాదాపు 15 మెగాపిక్సెళ్లు, 50లో 7 దాకా మిగులుతాయి. చిన్న ప్రింట్లకి అది చాలు.

ఈ కెమెరాలో నన్ను పూర్తిగా తనవైపు తిప్పుకున్న విషయం స్నాప్ ఫోకస్. దీని గురించి కాస్త ఓపిగ్గా చదవండి, ఇది అర్థమైతే సగం కెమెరా అర్థమైనట్టే. మామూలుగా ఏ కెమెరాలోనైనా బటన్ సగం నొక్కితే ఫోకస్ వెతుక్కుంటుంది, దొరికాక పూర్తిగా నొక్కుతాం. జీఆర్‌లో అదీ ఉంది. దాంతో పాటు, సగంలో ఆగకుండా ఒక్కసారే గట్టిగా నొక్కేస్తే ఫోకస్ వెతకడం మానేసి, మనం ముందే పెట్టుకున్న దూరానికి లెన్స్ వెళ్లి అక్కడే ఫొటో తీసేస్తుంది. ఒక మీటరా, మీటరున్నరా, రెండు మీటర్లా అనేది మన ఇష్టం. మీటరున్నర దూరం పెట్టి, అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్5.6 దగ్గర ఉంచితే, ఇంత చిన్న లెన్స్‌కి సుమారుగా ఒక మీటరు నుంచి మూడు మీటర్ల దాకా అంతా స్పష్టంగానే పడుతుంది. ఒక మామూలు గదిలో మనకీ మనం తీసే మనిషికీ మధ్య ఉండే దూరం దాదాపు ఎప్పుడూ ఇంతే కదా. అంటే ఫోకస్ అనే మాటే మర్చిపోవచ్చు. స్క్రీన్ వైపు చూడకుండా, నడుము దగ్గర పట్టుకుని, మనిషి కళ్లలోకి చూస్తూ మాట్లాడుతూనే నొక్కేయొచ్చు. పెద్దదానికి జడ వేస్తూ మా ఆవిడ నోట్లో రబ్బరు బ్యాండు పట్టుకుని ఉంటుంది, ఆ సమయంలో నేను పక్కనే నిలబడి ఆ రోజు ఎవరు ఎవర్ని స్కూలు నుంచి తీసుకురావాలో మాట్లాడుతుంటాను, మాట తెగకుండానే ఫొటో అయిపోతుంది. ఫొటో కోసం ఎవరూ ఆగరు, నేను కూడా ఆగను.

మా అమ్మ ఫొటో ఒకటి చెప్తాను, క్వాలిటీ గురించి నేనేం చెప్పదలుచుకున్నానో దాంతో తెలుస్తుంది. కిటికీ పక్కన కూర్చుని చిన్నోడి చొక్కాకి గుండీ కుట్టడానికి సూదిలో దారం ఎక్కిస్తోంది. కళ్లజోడు నుదుటి మీదికి తోసేసింది, సూదిని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది, దారం కొస నాలుకతో తడిపి మెలేసింది. మ్యాక్రో బటన్ నొక్కితే ఈ లెన్స్ 6 నుంచి 12 సెంటీమీటర్ల దగ్గర కూడా ఫోకస్ అవుతుంది, కానీ అంత దగ్గరికి వెళ్లలేదు, మామూలు మోడ్‌లో చేతికి ఒక జానెడు దూరంలో తీశాను. ఆ ఫొటోని కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే బొటనవేలి మీద కత్తిపీట గీరిన పాత మచ్చ ఉంది, గోరు పక్కన చర్మం ఎండిపోయి లేచిన చిన్న తెల్లటి పొర ఉంది, దారం కొస రెండుగా చీలి ఉంది, అందుకే అది ఎక్కట్లేదు. అదే సమయంలో ఫోన్‌తోనూ ఒకటి తీశాను. దాంట్లో చెయ్యి నున్నగా ఉంది. ఫోన్లు ఒక్క ఫొటో కోసం వరసగా చాలా ఫ్రేములు తీసి కలుపుతాయి, నాయిస్, అంటే ఫొటోలో పడే గరుకు చుక్కల్ని, తగ్గించేటప్పుడు చర్మం మీది సన్నటి గీతలు కూడా వాటితో పాటే కొట్టుకుపోతాయి. మా అమ్మ చెయ్యి నున్నగా ఉండదు. ఆ చేతిలో డెబ్బై ఏళ్ల పని ఉంది, అది కనబడాలి.

రాత్రి పూట ఇంట్లో వెలుతురు మాత్రం ఏ కెమెరాకైనా కష్టమే. కంటికి బాగానే ఉన్నట్టుంటుంది గానీ ట్యూబ్‌లైటు కింద వెలుతురు బయటి ఎండలో వందో వంతు కూడా ఉండదు. జీఆర్ 3లో సెన్సర్‌ని కదిలించి చేతి వణుకుని తగ్గించే ఏర్పాటుంది, మూడు దిశల్లో పనిచేస్తుంది, బాగా పనిచేస్తుంది కూడా. కానీ అది ఆపేది నా చేతి వణుకుని మాత్రమే, మంచం మీద ఎగురుతున్న పిల్లాణ్ణి ఆపలేదు. వాడు స్పష్టంగా రావాలంటే షట్టర్ 1/250కి తగ్గకూడదు, అంటే సెకనులో 250వ వంతు కన్నా ఎక్కువసేపు తెరుచుకుని ఉండకూడదు, అలా పెడితే ఐఎస్ఓ, అంటే వెలుతురుని సెన్సర్ ఎంత పెంచి చూపిస్తుందనే అంకె, 6400 దాకా ఎగబాకుతుంది, ఫొటోలో గరుకు వస్తుంది. నాకు ఆ గరుకుతో ఏ పేచీ లేదు. బ్లాక్ అండ్ వైట్‌లోకి మారిస్తే ఇంకా బాగుంటుంది, కెమెరాలోనే హై కాంట్రాస్ట్ బ్లాక్ అండ్ వైట్ ఉంది. ఎల్ఈడీ బల్బుల కింద ఫోన్‌తో తీస్తే ఒక్కోసారి ఫొటోకి అడ్డంగా చీకటి చారలు పడతాయి, గమనించే ఉంటారు. బల్బు కంటికి తెలియకుండా కొట్టుకుంటుంది, ఫోన్ సెన్సర్ పైనుంచి కిందికి వరసగా చదువుతుంది కాబట్టి కొన్ని వరసలు వెలుగులో, కొన్ని చీకట్లో పడతాయి. జీఆర్‌లో షట్టర్ లెన్స్‌లోనే ఉండి సెన్సర్ మొత్తానికి ఒకేసారి తెరుచుకుంటుంది, అందుకని ఆ చారలు రావు. ఒక ఫొటోకీ ఇంకో ఫొటోకీ వెలుతురు కాస్త అటూ ఇటూ అవ్వచ్చు, దానికి 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట షట్టర్ 1/100, 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/125 దగ్గర పెట్టుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. షట్టర్ లెన్స్‌లో ఉండటం వల్ల ఇంకో లాభం, చప్పుడు దాదాపు ఉండదు. నిద్రపోతున్నవాళ్ల పక్కన కూడా తియ్యొచ్చు.

సెట్టింగుల గోల రోజూ పడలేం కాబట్టి డయల్ మీద యూ1, యూ2, యూ3 అని మూడు చోట్లు ఇచ్చారు, మనకి కావలసినవి దాచుకోవడానికి. నేను యూ1లో పగటికి పైన చెప్పిన స్నాప్ ఫోకస్, ఎఫ్5.6, ఆటో ఐఎస్ఓ, షట్టర్ కనీసం 1/250 పెట్టుకున్నాను. యూ2 రాత్రికి, లెన్స్ పూర్తిగా తెరిచి ఎఫ్2.8, ఆటోఫోకస్. యూ3 బ్లాక్ అండ్ వైట్. ఒకసారి కూర్చుని ఇవి పెట్టేసుకుంటే ఇక మెనూలోకి వెళ్లే పనే ఉండదు.

ఇందులో లేనివి కూడా చెప్పాలి, ఇవి తెలియకుండా కొనకూడదు. ఫ్లాష్ లేదు, జీఆర్ 2లో ఉండేది, ఇందులో తీసేశారు, విడి ఫ్లాష్ పైన బిగించుకోవడానికి హాట్ షూ అనే గాడి మాత్రం ఉంది. కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ లేదు. స్క్రీన్ కదలదు, సెల్ఫీలు మర్చిపోండి. బ్యాటరీకి కంపెనీ చెప్పే లెక్కే ఛార్జికి 200 ఫొటోలు, కొత్త కెమెరాల పక్కన ఇది చాలా తక్కువ. రోజుకో ఫొటో పనికి అది సరిపోతుంది, ఫోన్ ఛార్జర్ లాంటి టైప్‌-సీతోనే ఎక్కుతుంది, కానీ పుట్టినరోజులాంటి రోజున రెండో బ్యాటరీ జేబులో లేకపోతే టెన్షనే. నీళ్లకీ దుమ్ముకీ సీలింగ్ లేదు, లెన్స్ బయటికీ లోపలికీ తిరిగే కెమెరా కాబట్టి ఇసుక, పిండి, టాల్కం పౌడరు దరిదాపుల్లో జాగ్రత్తగా ఉండాలి. వీడియో ఫుల్ హెచ్‌డీ వరకే, 4కే లేదు. పిల్లల మొదటి అడుగులు, మాటలు వీడియోలో దాచుకోవాలనుకుంటే దానికి ఫోనే నయం, నేను అలాగే చేస్తున్నాను. పరిగెత్తేవాళ్ల ముఖాన్ని వెంటాడి పట్టుకునే ఆటోఫోకస్ కావాలన్నా ఇది దానికోసం చేసిన కెమెరా కాదు, స్నాప్ ఫోకస్‌తో దూరం అంచనా వేసుకుని తియ్యాల్సిందే. ఆ అంచనా కొద్ది వారాల్లో చేతికి వచ్చేస్తుంది.

కెమెరా పక్కన పెట్టి అసలు రోజుకో ఫొటో అనే పని గురించి కూడా రాయాలి, ఎందుకంటే చాలామంది మంచి కెమెరా కొని నెలలో ఆపేస్తారు. అమెరికాలో జేమీ లివింగ్‌స్టన్ అనే ఆయన 1979 మార్చి 31న మొదలుపెట్టి 1997 అక్టోబర్ 25న చనిపోయేదాకా, తీసిన వెంటనే ప్రింటు ఇచ్చే పోలరాయిడ్ ఎస్ఎక్స్‌-70 కెమెరాతో రోజుకో ఫొటో తీస్తూ వచ్చారు. ఆరు వేలకి పైన ఉన్నాయి. చనిపోయిన రోజే ఆయన 41వ పుట్టినరోజు. ఆ ఫొటోలు వరసగా చూస్తే తెలిసేది ఏంటంటే, వాటిలో చాలావాటికి విడిగా చూస్తే పెద్ద విశేషం లేదు, గదులు, స్నేహితులు, బల్లలు, ఎవరో నిలబడి ఉండటం. వరసలో పెట్టి చూస్తే మాత్రం కదలకుండా కూర్చోబెడతాయి. ఆరోగ్యం పాడైన రోజులు కూడా అదే సైజు ఫొటోలో, అదే తెల్ల అంచుతో వస్తాయి. నాకు అక్కడ పట్టుబడ్డ సంగతి, ప్రతి ఫొటో బాగుండక్కర్లేదు, ఆ రోజుది అయితే చాలు. ఇవాళ ఏమీ జరగలేదు అనిపించిన రోజున నేను తీసేవి ఇలా ఉంటాయి, గుమ్మం దగ్గర చెప్పులు, అందరూ ఇంట్లో ఉన్నారా లేదా వాటిని చూస్తే తెలిసిపోతుంది. సింకు పక్కన బ్రష్షుల గ్లాసు. కరెంటు పోయినప్పుడు ఫోన్ టార్చి చుట్టూ చేరిన ముఖాలు. ఇస్త్రీ చేస్తున్న చెయ్యి. ఒక పాత సంవత్సరం తిప్పి చూస్తే బూట్ల సైజు పెరుగుతూ పోవడం ఎంత స్పష్టంగా కనబడుతుందో చెప్పలేను, అది ఏ పుట్టినరోజు ఫొటోలోనూ కనబడదు. నాన్న చెప్పులు ఒక నెల నుంచి ఆ వరసలో లేకపోవడం కూడా అలాగే కనబడింది. దాని గురించి ఇంతకన్నా రాయను.

మంచి రోజులవే తియ్యాలనే రూలు కూడా పెట్టుకోకండి. జ్వరమొచ్చి నుదుటి మీద తడి గుడ్డతో పడుకున్న రోజు, మార్కులు తక్కువొచ్చి తలుపేసుకున్న గది, ఆ మూసిన తలుపే ఆ రోజు ఫొటో. కానీ ఏడుస్తున్న మనిషి ముఖం మీద కెమెరా పెట్టడం వేరు, అది నేను చెయ్యను, ముందు వెళ్లి పక్కన కూర్చోవాలి.

పిల్లలు పెద్దవాళ్లవుతుంటే వాళ్ల ఇష్టం కూడా అడగాలి. మా పెద్దది పదమూడు దాటాక ముఖం తియ్యొద్దంది. సరేనన్నాను, మేము అనుకున్న పద్ధతి ఏంటంటే, తనవి ఏవి తీసినా తను చూస్తుంది, వద్దంటే అక్కడికక్కడే డిలీట్. ఒక్కసారి కూడా నేను బతిమాలలేదు, బతిమాలకూడదు కూడా. చాలా నెలలు తన ఫొటోలన్నీ వెనకనుంచే ఉన్నాయి, మెడ మీద హెడ్‌ఫోన్స్, కిటికీ మీద రెండు కాళ్లు, పుస్తకం పైన కనబడుతున్న సగం తల, చేతి మీద పెన్నుతో రాసుకున్న ఏదో ఫార్ములా. ఆ వయసులో మనిషి ఎలా ఉంటుందో ఆ ఫొటోలే సరిగ్గా చెప్తున్నాయని నా నమ్మకం. తర్వాత తనే ఎదురుగా కూర్చుని తియ్యమంది. పిల్లల ఫొటోలు బయట ఎక్కడా పెట్టను అనే మాట ఇచ్చాను కాబట్టే అది జరిగింది, అందుకే ఈ రివ్యూతో పాటు ఒక్క ఫొటో కూడా పెట్టడం లేదు.

ఇలాంటి పనిలో తీసే మనిషి ఎక్కడా ఉండడు. ఏడాది ఫొటోలు ముందేసుకుంటే తల్లో తండ్రో ఒకరు అసలు ఆ ఇంట్లో లేనట్టే ఉంటుంది. దీనికి నేను చేసే పని, వారంలో ఒక రోజు కెమెరా చిన్నోడి చేతికి ఇచ్చేస్తాను. స్ట్రాప్ మణికట్టుకి బిగించి, స్నాప్ ఫోకస్‌లో పెట్టి, బటన్ ఒక్కటే నొక్కరా అంటాను. 257 గ్రాములు పిల్లల చేతికి బరువు కాదు. వాడి ఫొటోల్లో మేమందరం ఎత్తుగా, మోకాళ్లతో మొదలై పైకి వెళ్తాం, టేబుల్ అడుగుభాగం ఉంటుంది, ఫ్యాన్ ఉంటుంది, అమ్మ గాజుల చెయ్యి కిందికి వస్తూ ఉంటుంది. మా ఇల్లు వాడికి అలా కనబడుతుందని నాకు ఆ ఫొటోలు చూశాకే తెలిసింది. పెద్దవాళ్లు ఎవరూ ఆ ఎత్తు నుంచి తియ్యలేరు.

దాచుకోవడం గురించి. కెమెరా కొన్న రోజే తేదీ, టైమ్ సరిగ్గా పెట్టండి, ప్రతి ఫొటో లోపల ఆ వివరం ఎక్కుతుంది, రోజువారీ ఫొటోలకి దాన్ని మించిన ఆధారం లేదు. మెసేజింగ్ యాప్‌ల ద్వారా చేతులు మారిన ఫొటోల్లో ఆ వివరం తరచుగా పోతుంది, సైజు కూడా కుదించుకుపోతుంది, కాబట్టి ఒరిజినల్ కార్డు నుంచే కాపీ చేసుకోవాలి. ఫైలు పేరు సంవత్సరం-నెల-తేదీ వరసలో పెడితే కంప్యూటరే వరసగా పేర్చుకుంటుంది. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఇంటి బయట, ఫొటోగ్రాఫర్లు పాటించే ఈ 3-2-1 పద్ధతి నేనూ పాటిస్తున్నాను. ఇంటి బయటి కాపీకి క్లౌడ్ వాడొచ్చు, గూగుల్ ఫొటోస్‌లో ఉచితంగా ఎన్నైనా పెట్టుకునే వీలు 2021 జూన్ 1తో ఆగిపోయింది, ఇప్పుడు జీమెయిల్, డ్రైవ్‌లతో కలిపి 15 జీబీ. రోజుకి ఒక్క జేపెగ్ (మామూలు ఫొటో ఫైలు) అయితే అది కొన్నేళ్లు వస్తుంది. తీసినవన్నీ ఎక్కిస్తే రాదు, అందుకే ఆ రోజుది ఒక్కటి ఎంచుకుని మిగతావి విడిగా పెట్టడం మంచిది.

ఇవన్నీ ఉన్నా సరే, ప్రింట్ తియ్యండి. హార్డ్ డిస్కులో ఉన్నవాటిని మా అమ్మ ఎప్పుడూ చూడలేదు, ప్రింట్ల డబ్బా మాత్రం రోజు మార్చి రోజు తీస్తుంది. జీఆర్ ఫొటో 3:2 నిష్పత్తిలో ఉంటుంది, 4×6 ప్రింటు కూడా సరిగ్గా అదే నిష్పత్తి, కాబట్టి ఏమీ తెగకుండా మొత్తం పడుతుంది. ఫోన్ ఫొటోలు ఎక్కువగా 4:3, అదే కాగితం మీద వేస్తే పైనో కిందో కోస్తారు, ఒక్కోసారి తలలు పోతాయి. ఒక ల్యాబ్‌కి మొదటిసారి ప్రింట్లు ఇచ్చినప్పుడు వాళ్ల మెషీను రాత్రి ఫొటోలన్నిటినీ దానంతటదే వెలిగించేసింది, నైట్ ల్యాంపు వెలుగులో పడుకున్న పిల్లలు పట్టపగలు పడుకున్నట్టు వచ్చారు. పేరు అనవసరం, చాలా ల్యాబులు అలాగే చేస్తాయి. ఆర్డరు ఇచ్చేటప్పుడు ఆటో కరెక్షన్ వద్దని గట్టిగా చెప్పండి, ముందు ఒక నాలుగు చీకటి ఫొటోలు వేయించి చూసుకుని అప్పుడు మిగతావి ఇవ్వండి. ప్రింటు వెనక తేదీ రాసేటప్పుడు బాల్ పెన్ను వద్దు, నొక్కు ముందుకి కనబడుతుంది, మెత్తటి పెన్సిలు చాలు.

కొనేవాళ్లకి ఇంకొక్క మాట. 2021లో ఇదే బాడీతో 40 ఎంఎం లెన్స్ పెట్టి జీఆర్ 3ఎక్స్ అని తెచ్చారు. 2025లో జీఆర్ 4 వచ్చింది, లెన్స్ మళ్లీ 28, వణుకు తగ్గించేది ఐదు దిశల్లో, కెమెరాలోనే 53 జీబీ మెమరీ, జీఆర్ 3లో అది 2 జీబీయే. కార్డు పెట్టడం మర్చిపోయే ఇంట్లో ఆ 53 జీబీ ఒక్కటే చాలు మారడానికి. మీకు 28 కావాలా 40 కావాలా అన్నది రివ్యూలు చదివితే తేలదు, నాది చదివినా తేలదు. ఫోన్‌లో చాలావరకు 1ఎక్స్ అంటే 24 నుంచి 26 ఎంఎం మధ్య, అంటే 28కి కాస్త వైడ్. ఒక వారం జూమ్ ముట్టుకోకుండా 1ఎక్స్‌లోనే ఇంట్లోవాళ్లని తీసి చూడండి, ఆ తర్వాతి వారం 1.5ఎక్స్‌ దగ్గర పెట్టి తియ్యండి, అది 40కి దగ్గరగా ఉంటుంది. మొదటి వారం ఫొటోల్లో గది బాగుందనిపిస్తే 28 తీసుకోండి, మనుషులు మరీ చిన్నగా అయిపోయారనిపిస్తే 3ఎక్స్ వైపు వెళ్లండి.